న్యూట్రల్‌లో ఇరవై ఆరు నిమిషాలు

ఆ శుక్రవారం మధ్యాహ్నం ఆ ఇంట్లో అయిదుగురున్నారు.

ఇంటి యజమాని వరదానం మాస్టారు. హెడ్మాస్టరుగా రిటైరై, ఇప్పుడు చర్చి కమిటీ కార్యదర్శిగా ఉన్నాడు. ఆయన తల్లి లీలమ్మగారికి డెబ్బై ఎనిమిదేళ్లు. మిషన్ ఆసుపత్రిలో నర్సుగా ముప్ఫై ఏళ్లు చేసింది. మాస్టారి తమ్ముడు క్రిస్టఫర్‌ది జీడిపిక్కల వ్యాపారం. కొత్త వస్తువు కనిపిస్తే కొనేదాకా అతని చెయ్యి ఊరుకోదు. ఇక వంటమనిషి సోమలమ్మ, డ్రైవరు సింగన్న.

శనివారం ఒంటిగంటన్నరకి డిటెక్టివ్ రాజేశ్వరి ఆ ఇంటి వరండాలో కూర్చుని, ఈ అయిదు పేర్లూ నోటుబుక్కులో ఒకదాని కింద ఒకటి రాసుకుంది. సింగన్న పేరు పక్కన "4.00" అని వేసింది. నాలుగింటికి ఎస్సై వస్తాడు. ఈలోగా ఏదీ తేలకపోతే సింగన్న జీపెక్కాలి. తొమ్మిదేళ్లుగా ఆ ఇంటి ఉప్పు తిన్న మనిషి వరండా మెట్టు మీద మోకాళ్లలో తల పెట్టుకుని కూర్చున్నాడు.

పోయినది వెండి గిన్నె. ప్రభు భోజన సంస్కారంలో ద్రాక్షరసం పోసి తాగించేది. వందేళ్ల క్రితం మిషన్ దొరసాని ఈ చర్చికిచ్చి వెళ్లింది. ఆదివారం చర్చి శతవార్షికోత్సవం. ఆ పండగ కాగానే గిన్నెని విశాఖపట్నం పంపి, అక్కడి చర్చి కార్యాలయంలో అద్దాల బీరువాలో పెట్టాలని కమిటీ తీర్మానం. గురువారం రాత్రి మాస్టారు దాన్ని టేకు పెట్టెలో పెట్టి తాళం వేసి, పోర్టికో పక్కన కిటికీ లేని పాత మందుల గదిలో ఉంచాడు. శుక్రవారం అయిదింటికి కమిటీ వాళ్ల ముందు పెట్టె తెరిస్తే లోపల ఎర్ర మఖమల్ గుడ్డ తప్ప ఏమీ లేదు.

చిక్కంతా ఆ గది తలుపుతోనే వచ్చింది. అది బయటికి తెరుచుకునే తలుపు. గురువారం రాత్రి పెట్టె లోపల పెట్టగానే క్రిస్టఫర్ తన కారుని ఆ తలుపుకి జానెడు దూరంలో ముక్కు ఆనించినట్టు పెట్టాడు. "ఏ తాళవైనా ఇరగ్గొడతారు గానీ, కారుని ఇరగ్గొడతారేటి?" అన్నాడట. జానెడు సందులో పిల్లి తప్ప మనిషి దూరలేడు. కారు కదిలితేనే తలుపు తెరుచుకుంటుంది.

"కదిలిందమ్మాయ్, కదిలింది!" అన్నాడు కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్న మన్మథరావు. అతను విశాఖపట్నం డిటెక్టివ్. క్రిస్టఫర్ పిలిపించాడు. రాజేశ్వరిని పిలిపించింది మాస్టారు. అన్నదమ్ములు చెరో డిటెక్టివ్‌ని తెచ్చుకోవడంతో సోమలమ్మకి కాఫీలు కాయడమే పనైపోయింది.

"ఎలా కదిలిందంటారండీ?" అంది రాజేశ్వరి. ఆమె గొంతు పెద్దది కాదు. ఎదుటివాళ్లు కాస్త ముందుకి వంగి వినాల్సి వస్తుంది.

"హైబ్రిడ్ కారు. అంటే తెలుసా? పెట్రోలుతోనూ నడుస్తుంది, బ్యాటరీతోనూ నడుస్తుంది. బ్యాటరీ మీద నడిపితే చప్పుడుండదు. డ్రైవరు ఆ వీలు చూసుకుని కారు వెనక్కి తీశాడు, గిన్నె కొట్టేశాడు, కారులోనే పట్టుకెళ్లి ఎక్కడో దాచాడు, తిరిగొచ్చాడు. సాక్ష్యం కావాలా? మూడు నలభై దాటగానే చూస్తే బ్యాటరీలో ఒకటే గీత ఉంది. క్రిస్టఫర్‌గారు కళ్లారా చూశారు. తిప్పకుండా బ్యాటరీ ఎలా ఖాళీ అవుతుంది?"

"నాను తిప్పలేదండి బాబూ!" సింగన్న తలెత్తాడు. "మా పిల్లల మీదొట్టు!"

రాజేశ్వరి వెళ్లి అతని పక్కనే మెట్టు మీద కూర్చుంది.

"నిన్న ఏం జరిగిందో మొదట్నించీ చెప్పు. తొందర లేదు."

"రెండు కొట్టగానే కరెంటు పోతాదండి, ఈ ఎండాకాలం రోజూ అంతే. నాలుక్కి గానీ రాదు. అమ్మగారు ఉక్కకి తట్టుకోలేరు. ఈ కారు వచ్చిన కాణ్ణించీ కరెంటు పోతే ఎనక సీట్లో వచ్చి కూకుంటారు. నాను స్టార్ట్ బటను నొక్కీసి, ఏసీ ఏసీసి ఎల్లిపోతాను."

"గేరు ఎక్కడుంచుతావు?"

"పీ లోనండి. పార్కింగు. పీ లో ఉంటే అది దానికదే బతుకుతాదండి. బ్యాటరీ తగ్గితే ఇంజను తనే లెగిసి, నింపీసుకుని, మళ్లీ తొంగుంటాది. మనం ముట్టుకోనక్కర్లేదు."

"తర్వాత నువ్వెక్కడికెళ్లావు?"

"ఎనకాల పనస సెట్టు కింద తొంగున్నాను. మూడూ నలభైకి అమ్మగారు కేకేశారు, 'ఒరే సింగన్నా, ఏసీ ఉడుకు గాలి కొడతందిరా' అని. లగెత్తుకొచ్చి సూద్దును కదా, గేరు ఎన్‌లో ఉంది! న్యూట్రల్లోనండి! హ్యాండుబ్రేకు లాగీసుంది. బ్యాటరీ ఒక్క గీత. గబాల్న పీ లో ఏశాను. ఇంజను గుర్రుమని లెగిసింది."

"హ్యాండుబ్రేకు నువ్వు వెయ్యలేదూ?"

"చదును నేల మీద పీ ఉండగా బ్రేకెందుకండి? నానెప్పుడూ ఎయ్యను."

"న్యూట్రల్లో ఉంటే ఏమవుతుంది?"

"ఎన్‌లో ఇంజను బ్యాటరీని నింపదండి. కారు అప్పజెప్పిన్నాడు మెకానిక్కు పదిసార్లు సెప్పాడు, ఎన్‌లో పెట్టి ఏసీ ఎయ్యకు, బ్యాటరీ పీల్చీసుకుంటాది అని. ఇదంతా నిన్నే సెప్పాను. ఇన్నోరేరీ?"

"కథ బాగుంది," అన్నాడు మన్మథరావు. "గేరు ఎన్‌లో ఉండటం ఇంకెవరైనా చూశారా? లేదు. నువ్వే పీ లో వేసేశావు. సాక్ష్యాన్ని నువ్వే తుడిచేసి, ఇప్పుడు సాక్ష్యం ఉందంటే ఎవరు నమ్ముతార్రా?"

రాజేశ్వరి నోటుబుక్కులో "ఎన్. హ్యాండుబ్రేకు. 3.40" అని రాసుకుని లేచింది.

లీలమ్మగారు హాల్లో పడక కుర్చీలో పెద్దక్షరాల బైబిలు ఒళ్లో పెట్టుకుని ఉంది. ముసలామె కళ్లు మాత్రం పదునుగా ఉన్నాయి.

"కూర్చో పాపా. కాఫీ తాగావా? మీది ఏ ఊరు?"

"రావికమతమండీ. తాగానండీ. నిన్న కారులో మీరు కాస్త కునుకు తీశారేమో..."

"నేనా? ముప్ఫై ఏళ్లు నైట్ డ్యూటీలు చేసినదాన్ని. నా కన్ను మూతపడదు. కీర్తనలు చదువుకుంటూ కూర్చున్నాను. కారు అంగుళం కదల్లేదు."

"ఇంజను మధ్యలో లేచిందాండీ?"

"లేవకేం. రెండూ ఇరవైకి ఒకసారి, రెండూ నలభై అయిదుకి ఒకసారి, మూడూ పదికి ఒకసారి, మూడూ ముప్ఫై అయిదుకి ఒకసారి. నాలుగుసార్లు." ఆమె మణికట్టు మీది వాచీ వైపు చూపించింది. "టైము చూసుకోవడం నాకలవాటు."

రాజేశ్వరి నాలుగు అంకెలూ వరసగా రాసుకుంది. ఎక్కడా తడుముకోని సాక్షి. ఇంత చక్కని సాక్షి దొరకడం ఆమెకి సంతోషంగానే ఉంది. అయితే ఒక సాక్షి కారు న్యూట్రల్లో ఉందంటున్నాడు, ఇంకో సాక్షి మూడూ ముప్ఫై అయిదుకి ఇంజను లేచిందంటోంది. ఇద్దరి మాటా నిజం కావడానికి వీల్లేదు.

"అయితే కారునే అడుగుదాం," అనుకుంది.

సరిగ్గా రెండింటికి పంకాలు ఆగిపోయాయి. సోమలమ్మ వంటింట్లోంచి "పోయిందమ్మా మారాజు!" అని కరెంటుని సాగనంపింది. రాజేశ్వరి పోర్టికోలోకి నడిచింది.

కారు ముక్కు మందుల గది తలుపు వైపు, తోక వీధి వైపు. నేల చదునైన సిమెంటు. ఆమె క్రిస్టఫర్‌ని అడిగి మైలేజీ పుస్తకం తెప్పించుకుంది. కొన్ననాటి నుంచీ ప్రతి ప్రయాణం తర్వాతా మీటరు అంకె రాయడం అతని సరదా. గురువారం రాత్రి రాసిన అంకె 61,248. అప్పటి నుంచీ కారు గేటు దాటలేదని అతనే అంటున్నాడు. మీటరు చూస్తే 61,248.

"మన్మథరావుగారూ, గిన్నె దాచిపెట్టి రావడానికి కారు వెళ్లిందన్నారు. మీటరు వెళ్లలేదంటోందండీ."

మన్మథరావు మీటరు మీదికి వంగి చూశాడు. "అరకిలోమీటరు లోపు తిరిగుంటుంది. మీటరు మారకపోవచ్చు."

"అరకిలోమీటరుకి బ్యాటరీ మొత్తం ఖాళీ అవుతుందాండీ? సరే, మీరు వెనక కూర్చోండి. నిన్న అమ్మగారు కూర్చున్న చోట. నేను ముందు కూర్చుంటాను. వాచీ మీ చేతిదే చూద్దాం. లేకపోతే నా వాచీ అబద్ధం చెప్పిందంటారు."

"పందెమా?"

"పరీక్షండీ."

సింగన్న నిన్నటిలాగే బటను నొక్కి, ఏసీ వేసి, గేరు పీ లో ఉంచి దిగిపోయాడు. తెర మీద బ్యాటరీ బొమ్మలో ఆరు గీతలు. టైము రెండూ అయిదు. కారు చప్పుడు చెయ్యలేదు. చల్లగాలి మాత్రం వస్తోంది. మన్మథరావు చొక్కా పై గుండీ విప్పి హాయిగా వాలాడు. "ఈ పరీక్ష రోజంతా పెట్టినా నాకభ్యంతరం లేదు," అన్నాడు.

అయిదు గీతలు. నాలుగు. రెండూ ఇరవై నాలుగుకి మూడో గీత దగ్గరికి రాగానే, ఎవరూ ముట్టుకోకుండానే ఇంజను గుర్రుమంది. కారు సన్నగా వణికింది. గీతలు మళ్లీ పైకి పాకాయి. రెండూ ముప్ఫైకి అయిదు గీతలై, ఇంజను దానంతటదే ఊరుకుంది.

"చూశారా? పీ లో ఉంటే బ్యాటరీ మూడు గీతల కిందికి దిగనివ్వదు. గంటలకొద్దీ కూర్చున్నా అంతే. నిన్న ఒక్క గీత మిగిలిందంటే కారు పీ లో లేదు."

"డ్రైవ్‌లో పెట్టి నడిపాడు గనక!"

"నడిపినా అంతేనటండీ. మూడు గీతలకి దిగితే ఇంజను లేస్తుంది. అందుకేగా పెట్రోలు పోసేది? ఇప్పుడు చూడండి." ఆమె బ్రేకు మీద కాలు పెట్టి గేరుని ఎన్‌లోకి జరిపింది. "బ్రేకు తొక్కితే గానీ ఇది పీ లోంచి కదలదు. టైమెంతండీ?"

"రెండూ ముప్ఫై రెండు," అన్నాడు మన్మథరావు అయిష్టంగా.

అయిదు, నాలుగు, మూడు. ఇద్దరూ తెర మీదికి వంగారు. ఇంజను లేవలేదు. రెండు గీతలు. గాలిలో చలువ తగ్గింది. మన్మథరావు రుమాలుతో మెడ తుడుచుకుని రెండో గుండీ విప్పాడు. తెర మీద పసుప్పచ్చ దీపమొకటి వెలిగి మినుకుమంది. ఒక గీత. ఇంజను మాత్రం చెవిటివాడిలా కూర్చుంది.

"టైమండీ?"

"రెండూ యాభై ఎనిమిది." అతని గొంతు ఎండిపోయింది. "ఇరవై ఆరు నిమిషాలు. ఇక తలుపు తియ్యమ్మా తల్లీ, ఉడికిపోతున్నాను!"

ఆమె నవ్వి గేరు పీ లో వేసింది. ఆకలేసిన దూడలా ఇంజను ఒక్క ఉదుటున లేచింది.

మూడూ ఇరవైకి అందర్నీ వరండాలో కూర్చోబెట్టింది రాజేశ్వరి. పది మంది ముందు మాట్లాడాలంటే ఆమెకి ఇప్పటికీ అరచేతులు చల్లబడతాయి. నోటుబుక్కు వైపే చూస్తూ మొదలుపెట్టింది.

"నిన్న మూడూ పదికి ఇంజను ఆఖరుసారి లేచింది. తర్వాత ఎవరో గేరు ఎన్‌లో పెట్టారు. ఇరవై ఆరు నిమిషాలకి బ్యాటరీ ఖాళీ అయింది. మూడూ నలభైకి ఏసీ ఉడుకు గాలి కొట్టింది. లెక్క సరిపోయిందండీ. ఇప్పుడు ప్రశ్న, ఎన్‌లో ఎందుకు పెట్టారని. కారు తొయ్యాలంటేనే న్యూట్రల్ కావాలి. నాలుగడుగులు వెనక్కి తోసి, తలుపు తీసి, మళ్లీ ముందుకి తోశారు. ఆపాక పాత జీపుల వాళ్లలాగా న్యూట్రల్లోనే ఉంచి హ్యాండుబ్రేకు లాగారు."

"అది సింగన్నే ఎందుకు కాకూడదు?" అన్నాడు క్రిస్టఫర్.

"సింగన్నకి ఈ కారు చప్పుడు లేకుండా నడుస్తుందని తెలుసు కదండీ! రివర్స్ వేసి, ఒక్క వేలితో వెనక్కి తీసుకుపోగలడు. ఉక్కలో నడుం విరగ్గొట్టుకుని తొయ్యడం దేనికి? తోసినా, ఎన్‌లో వదలకూడదని అందరికన్నా బాగా తెలిసినవాడు అతనే. ఈ తప్పు చేసింది డ్రైవింగు తెలిసి, ఈ కారు తెలియని మనిషి."

మన్మథరావు కుర్చీలో ముందుకి జరిగాడు. "మరి ఎవరా మనిషి? పేరు చెప్పు. ఇంకో అరగంటలో ఎస్సైగారొస్తారు. నీ ఇరవై ఆరు నిమిషాల్ని జీపెక్కిస్తావా?"

రాజేశ్వరి లీలమ్మగారి వైపు ఒకసారి చూసి తల దించుకుంది. ఆమె కళ్లు నోటుబుక్కులో నాలుగో అంకె మీద ఉన్నాయి. మూడూ ముప్ఫై అయిదు.

"ఆ పిల్లనెందుకు పీక్కుతింటారయ్యా?" లీలమ్మగారు కుర్చీ చేతులు పట్టుకుని లేచి నిలబడింది. "న్యూట్రల్ చేసింది నేను. స్టీరింగు పట్టుకున్నది నేను. తోసింది సోమలమ్మ. నేను చెబితే తోసింది, దాన్నేమీ అనకండి. నా పాత కళ్లజోడు ఆ గదిలో ఉండిపోయింది. ఒరే క్రిస్టఫర్, గిన్నె సంగతి ఇంట్లోనే తేల్చుకుందాం, ఎస్సైకి ఫోన్ చేసి రావద్దని చెప్పు. సింగన్నా, లే. అన్నం తిన్నావా?"

సింగన్న లేవబోయి మళ్లీ మెట్టు మీదే కూలబడి ఏడ్చేశాడు. సోమలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంటూ, "నిన్నట్నుంచీ ముద్ద ముట్టలేదమ్మా, రాయిలాగ కూకున్నాడీడు! రారా, బేగి రా, సేపల పులుసుంది," అంటూ అతన్ని రెక్క పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. క్రిస్టఫర్ తలొంచుకుని ఫోను తీశాడు. తెల్లబోయిన మాస్టారు ఒక్కడే ఉన్నచోటే నిలబడిపోయాడు.

మన్మథరావు గుండీలు పెట్టుకుంటూ, "కళ్లజోడు కోసం కారు తోయించిన ముసలావిడని నా సర్వీసులో చూళ్లేదు," అన్నాడు. ఒక్క క్షణం ఆగి, "పరీక్ష మాత్రం బాగుందమ్మాయ్," అనేసి గేటు వైపు నడిచాడు.

రాజేశ్వరి లీలమ్మగారి గదిలోకి వెళ్లేసరికి ఆమె మంచం మీద కూర్చుని చిన్నగా నవ్వుతోంది.

"ఎలా పట్టుకున్నావు నన్ను?"

"మూడూ ముప్ఫై అయిదుకి ఇంజను లేచిందన్నారండీ. న్యూట్రల్లో అది లేవదు. మిగతా మూడూ చూసి చెప్పారు. నాలుగోది లెక్క కట్టి చెప్పారు."

"ఆసుపత్రిలో జ్వరం పట్టీ రాసే చెయ్యి. ప్రతి గడీ నింపాలి. ఖాళీ వదిలితే డాక్టరమ్మ తిట్టేది." ఆమె అరచేతులు చూసుకుంది. "ఇవే చేతులతో మిషన్ జీపు తోలేదాన్ని. టీకాలు పట్టుకుని చింతపల్లి ఘాటీ ఎక్కేదాన్ని. ఆపితే న్యూట్రల్, హ్యాండుబ్రేకు. నలభై ఏళ్లయినా చెయ్యి మర్చిపోలేదు. నిన్న స్టీరింగు పట్టుకుంటే ప్రాణం లేచొచ్చింది పాపా, అబద్ధమెందుకు!"

రాజేశ్వరికీ నవ్వొచ్చింది. అయినా అడగాల్సింది అడిగింది. "గిన్నె ఎక్కడుందండీ?"

"నేను తియ్యలేదు."

"అమ్మగారూ..."

"తీద్దామనే వెళ్లాను. పెట్టెతో సహా ఎత్తుకొచ్చి, బియ్యం డ్రమ్ములో దాచేద్దామని. ఈ ఊరి గిన్నె ఈ ఊళ్లో ఉండాలి. మా అమ్మ తాగింది దాంతో, నేను తాగాను. ఎక్కడో అద్దాల బీరువాలో పెడితే ఎవరి దాహం తీరుతుంది? అదీ నా ఆలోచన." ఆమె గొంతు తగ్గించింది. "పెట్టె ఎత్తాను. పువ్వులా లేచింది. ఆ గిన్నె బరువు నాకు తెలుసు. ఊపి చూశాను. లోపల చప్పుడు లేదు."

"తాళం?"

"వేసే ఉంది."

రాజేశ్వరి పెన్ను ఆగిపోయింది. గురువారం రాత్రి పెట్టె గదిలో పెట్టగానే కారు తలుపుకి అడ్డం వచ్చింది. మళ్లీ ఆ కారు కదిలింది శుక్రవారం మూడూ పది దాటాకే. అప్పటికే పెట్టె ఖాళీ. అంటే గిన్నె ఆ గదిలోంచి పోలేదు. ఆ గదిలోకి రానే లేదు.

"అందుకేనా అండీ, కారు అంగుళం కదల్లేదన్నారు?"

"కదిలిందంటే గదిలోకి వెళ్లావా అంటారు. వెళ్తే ఏం చూశావంటారు. చూసింది చెబితే..." ముసలామె పెదవులు బిగుసుకున్నాయి. "సింగన్న మీదికి పోతుందని అనుకోలేదమ్మా. రాత్రంతా నిద్ర లేదు నాకు. వాడు బయటపడ్డాడు, అది చాలు. మిగతాది నన్నడక్కు. నేను తల్లిని."

గుమ్మంలో నీడ పడింది. వరదానం మాస్టారు ఎప్పుడొచ్చాడో, చేతిలో కవరుతో నిలబడి ఉన్నాడు.

"మీకు ఎలా కృతజ్ఞత చెప్పాలో తెలియడం లేదమ్మా," అన్నాడు మెత్తగా. "అమాయకుణ్ణి కాపాడారు. ఇది మీ ఫీజు. ఇక మీరు శ్రమపడక్కర్లేదు. గిన్నె సంగతి కమిటీ చూసుకుంటుంది."

రాజేశ్వరి కవరు అందుకోలేదు. గది దాటి హాల్లోకి వచ్చి, వెనక్కి తిరిగింది. ఎప్పటిలాగే చిన్న గొంతుతో అడిగింది.

"మాస్టారూ, గురువారం రాత్రి గిన్నె పెట్టెలో పెట్టి తాళం వేసినప్పుడు మీ పక్కన ఎవరున్నారండీ?"

ఆయన ముఖంలో నవ్వు అలాగే ఉండిపోయింది. కళ్లలోంచి మాత్రం వెళ్లిపోయింది. లోపల తల్లి వైపు ఒకసారి, హాల్లో ఈ అమ్మాయి వైపు ఒకసారి చూశాడు.

"అమ్మకి విశ్రాంతి కావాలి," అన్నాడు. తను గది లోపలికే అడుగు వేసి, రాజేశ్వరి ముఖం మీదే తలుపు వేసి గడియ పెట్టాడు.